సగం కాలిన చుట్టలకు ఒక గోడ

మా ఆవిడ పోయింది. మామిడి కోతలు ముగిసి, బళ్ళు తెరిచి, తొలి వానలు పడుతున్న రోజుల్లో, ఒక ఉదయం, నూజివీడు ఆస్పత్రిలో. డాక్టరు గుండె అన్నాడు. ఉబ్బసం ఆమెకు ఏళ్ళుగా ఉంది. పొగ వల్లే పోయిందని నేను రాయను. రుజువు లేని మాట ఆమె ఒప్పుకునేది కాదు.

నూజివీడు నుంచి ఆగిరిపల్లి మీదుగా వెళ్ళే ఉదయం బస్సు ఎక్కినవాళ్ళకు ఆమె తెలుసు. పేరు తెలియకపోయినా మనిషి తెలుసు. "చుట్టల టీచరు" అనేవాళ్ళు. ఆ పేరు మొదట వెక్కిరింపుగా పుట్టింది. తర్వాత మామూలైపోయింది. చివర్లో ఆస్పత్రికి చూడటానికి వచ్చిన ఒకాయన కూడా "చుట్టల టీచరుగారి మంచం ఎక్కడండీ?" అని నర్సును అడిగాడు. ఆమె విని నవ్వింది. అప్పటికి నవ్వితే దగ్గు వస్తోంది. అయినా నవ్వింది.

ఆ పేరు ఎలా వచ్చిందో తెలియనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఆమె ఆగిరిపల్లి బడిలో సైన్సు టీచరు. నేను నూజివీడు కోర్టులో గుమస్తాని. కాపురం నూజివీడులో. ఆమె రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది. చేతిసంచిలో అన్నం డబ్బా, జేబురుమాలులో చుట్టిన సుద్దముక్కలు ఉండేవి. ఎక్కడ ఏం రాసి ఉన్నా చదివే అలవాటు ఆమెకు. కందిపప్పు కట్టిచ్చిన కాగితం కూడా విప్పి, చదివి, మడిచి పెట్టేది. "అంత కష్టపడి రాశారు, ఎవరో ఒకరు చదవాలి కదండీ," అనేది. బస్సులో డ్రైవరు వెనక రేకు మీద "పొగ త్రాగరాదు" అని రాసి ఉండేది. దాన్నీ రోజూ చదివేది. బహుశా ఆ బస్సులో దాన్ని చదివిన మనిషి ఆమె ఒక్కతే.

పూత చూసి తోట బేరం చేయడం మా వైపు పద్ధతి. చెట్టు మీద పువ్వే ఉంటుంది. ఆ పువ్వును చూసి, కాపు ఎంత నిలుస్తుందో అంచనా కట్టి, తోట మొత్తం కొంటారు. అందుకని చలికాలం ఉదయం బస్సు నిండా మామిడి వ్యాపారులు, కౌలుదార్లు, తోట కాపలావాళ్ళు. చలికి కిటికీలు మూసేసేవాళ్ళు. నోట్లో చుట్టలు వెలుగుతూ ఉండేవి. రేకు మీది తెల్లటి అక్షరాలు పొగచూరి పసుపు తిరిగాయి.

ఆ అక్షరాల కిందనే, ముందు సీటులో ఒక షావుకారు కూర్చునేవాడు. నూజివీడులో పెద్ద మామిడి మండీ ఆయనది. మంచి మనిషి. ముసలివాళ్ళు ఎక్కితే లేచి చోటిచ్చేవాడు. చుట్ట మాత్రం ఆర్పేవాడు కాదు.

ఒక చలికాలం ఆమెకు ఆ బస్సులో ఊపిరి ఆడలేదు. సగం దారిలో దిగిపోయింది. తోటల మధ్య మైలురాయి మీద కూర్చుని, ఊపిరి సర్దుకున్నాక ఇంకో బస్సు పట్టుకుని బడికి వెళ్ళింది. మరికొన్నాళ్ళకు మళ్ళీ అంతే. హెడ్మాస్టరు కొంతకాలం ఊరుకుని, తర్వాత ఇక ఆ ఆలస్యాలను పైవాళ్ళకు తెలియకుండా దాచడం తన వల్ల కాదన్నాడు. డాక్టరు ఆ బస్సు మానమన్నాడు. వేళకు బడి చేరే బస్సు అదొక్కటే. అది మానితే ఉద్యోగం మానినట్టే.

"సెలవు పెట్టెయ్యి," అన్నాను.

"నేనెందుకు మానాలండీ? ఆ బోర్డు రాసింది నాకు కాదుగా."

మళ్ళీ తనే అడిగింది. "ఏమండీ, దాని వెనక చట్టం ఏదన్నా ఉందా? లేక పెయింటరు ఊరికే రాశాడా?"

మర్నాడు కోర్టులో మోటారు వాహనాల నిబంధనలు తీసి చూశాను. చట్టం ఉంది. వద్దని రాసిన బండిలో ప్రయాణికుడు పొగ తాగకూడదు. చెప్పినా వినకపోతే కండక్టరు దింపేయవచ్చు. వచ్చి చెప్పాను.

"దింపవచ్చా, దింపాలా?"

"దింపవచ్చు."

"అదీ సంగతి. ఇష్టముంటే చెయ్యి అంటే షావుకార్ని ఎవడు దింపుతాడండీ?"

మర్నాడు బస్సులో కండక్టరునే అడిగింది. అతను టిక్కెట్లు కొడుతూనే చెప్పాడట. "అమ్మగారండీ, ఆయన్ని నేను తోటల్లో దింపితే, రేపు ఊళ్ళో నన్ను దింపుతారండి. పైనుంచి కాగితం తెండి. అప్పుడు నా తప్పు కాదని చెప్పుకుంటాను."

ఆమెకు ఆ మాట నచ్చింది. అతన్ని పిరికివాడని అనలేదు. "చట్టం కావలసింది ధైర్యం ఉన్నవాళ్ళకి కాదండీ. ఇలాంటివాళ్ళు దాని వెనక నిలబడి మాట్లాడటానికి," అంది ఆ సాయంత్రం. కోర్టులో ఇన్నేళ్ళు పనిచేశాను. చట్టం ఎందుకుందో అంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ.

అర్జీ నేనే రాశాను. బస్సులో వచ్చే టీచర్లు, ఒక నర్సు సంతకాలు పెట్టారు. కూరగాయలమ్మే ఆడవాళ్ళు వేలిముద్రలు వేశారు. ఇద్దరం డిపోకు వెళ్ళాం. మేనేజరు బల్ల మీద సిగరెట్టు పీకలతో నిండిన గిన్నె ఒకటి ఉంది. ఆయన అర్జీ చదివాడు. చదివి ఆ గిన్నెను మెల్లగా సొరుగులో పెట్టాడు.

"ఆర్డరు ఇవ్వగలనమ్మా. కానీ అమలు జరగాల్సింది బస్సులో. నా గదిలో కాదు కదా."

"మీ గదిలో మొదలైపోయిందండి," అంది ఆమె, సొరుగు వైపు చూస్తూ.

ఆయన నవ్వి సంతకం పెట్టాడు. ఆర్డరులో "దింపవచ్చు" పోయి "దింపవలెను" వచ్చింది. రేకు మీది అక్షరాలు పెద్దవి చేసి, ఎర్ర రంగుతో మళ్ళీ రాయించారు. చట్టం గట్టిపడటమంటే ఇదేనని నేను సంతోషించాను. ఆమె మాత్రం, "చూద్దాం, బస్సు ఇంకా బయల్దేరలేదుగా," అంది.

ఆర్డరు వచ్చాక మొదటి రోజు ఏం జరిగిందో నాకు కండక్టరు చెప్పాడు. ఆమె తన మాటలు తాను చెప్పుకునే మనిషి కాదు.

ఊరు దాటాక కండక్టరు కాగితం పైకి చదివాడు. ఒక్క చుట్టా ఆరలేదు. విజిలు వేశాడు. బస్సు తోటల మధ్య ఆగింది.

"చుట్టలన్నా ఆర్పాలండి, మనుషులన్నా దిగాలండి. బస్సు కదలదండి," అన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. చూపు మాత్రం ముందు సీటు మీద ఉంది.

షావుకారు వెనక్కి తిరిగాడు. "ఏంటమ్మా టీచరుగారూ, ఇదంతా నీ పనేనా? పొగాకు మీద పన్ను పట్టుకుపోయేదీ గవర్నమెంటే, పొగ వద్దనేదీ గవర్నమెంటేనా?"

"పన్నూ కావాలి, మీరూ కావాలండి గవర్నమెంటుకి. మీరు పోతే పన్నెవరు కడతారు?"

బస్సంతా నవ్వింది. షావుకారు నవ్వలేదు.

"పొగ పెట్టందే కాయ పండుద్దా అమ్మా? మామిడోళ్ళకి పొగ కొత్తా ఏంటి?"

"కాయకి పొగ పెడితే పండుతుందండి. మనిషికి పెడితే రాలిపోతాడు."

మళ్ళీ నవ్వారు. నవ్వుకు చుట్టలు ఆరవు. బస్సు అలాగే నిలబడింది. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు గొణగడం మొదలెట్టారు. షావుకారును ఎవరూ ఏమీ అనలేదు. "టీచరుగారూ, మీ పుణ్యమా అని మాకు ఆలస్యమండీ," అని ఆమెనే అన్నారు.

అప్పుడు వెనక నుంచి ఒక ముసలి తోట కాపలాదారు లేచి నిలబడ్డాడు. చేతిలో చుట్ట వెలుగుతోంది.

"అమ్మా, నేను తాగననే అంటన్నా. కానీ దీన్నెక్కడ పెట్టమంటావో నువ్వే చెప్పు. సిగరెట్టు కాదుగా తల్లీ, పారేసుకోటానికి. ఈ ఒక్క చుట్టా నాకు సాయంత్రం దాకా రావాలి. జేబులో పెడితే చొక్కా కాలుద్ది. మొలలో దోపితే నేను కాలతా. నోట్లో ఉంటేనే ఎవరికీ ముప్పు లేదు."

ఈసారి ఆమె కూడా నవ్విందట. నవ్వి, కండక్టరుతో, "ఇవాళ్టికి పోనివ్వండి," అంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, తలుపు పక్కన నిలబడి బడికి వెళ్ళింది.

ఆ సాయంత్రం నేను నిరాశగానే ఉన్నాను. ఆమె అలా లేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి పెరటి వైపు చూస్తూ కూర్చుంది. ఇంటి పైకప్పు మార్చినప్పుడు దించిన పాత నాటు పెంకులు గోడ వారగా పేర్చి ఉన్నాయి.

"ఏమండీ, ఆ పెంకులతో మనకేమన్నా పనుందా?"

"ఏం లేదు."

"అయితే నాకు కావాలి."

ఆదివారం రిక్షాలో బస్టాండుకు తీసుకువెళ్ళాం. ఆగిరిపల్లి బస్సు ఆగే చోట ఒక టీకొట్టు ఉంది. దాని పక్కన నడుమెత్తు పిట్టగోడ. నాటు పెంకు అర్ధచంద్రంలా వంగి ఉంటుంది కదా. దాన్ని వెల్లకిలా పెడితే చిన్న దోనె అవుతుంది. చుట్ట దాంట్లో చక్కగా పడుకుంటుంది. వదిలేసిన చుట్ట దానంతటదే ఆరుతుంది.

టీకొట్టతను ఒప్పుకోలేదు. "నా గోడ మీద అందరి ఎంగిలి చుట్టలేంటండీ? బేరాలు పోతాయండి."

"సాయంత్రం వాళ్ళు చుట్ట కోసం ఇక్కడికి రావాలా, వద్దా?" అంది ఆమె.

"రావాలండి."

"వచ్చినవాళ్ళు ఉత్తినే నిలబడతారా, టీ తాగుతారా?"

పెంకులు గోడకు అతికించే మట్టి పిసకడానికి అతనే నీళ్ళు తెచ్చాడు.

మర్నాడు ఉదయం కండక్టరు గోడ చూపిస్తే, షావుకారు తప్ప మిగతావాళ్ళు చుట్టలు పెంకుల్లో పెట్టి బస్సెక్కారు. ఆ మొదటి సాయంత్రం నేను ఆమెను తీసుకురావడానికి బస్టాండులో ఉన్నాను. బస్సు దిగినవాళ్ళంతా గోడ మీద పడ్డారు. ఎవరిది ఏదో తెలియదు. ఒకడు ఒక చుట్ట తీసి నోట్లో పెట్టుకుని పుల్ల గీశాడు.

"ఒరేయ్, నా చుట్ట నీ నోట్లో ఉందేంట్రా!"

"నీదని దానిమీద రాసుందా?"

"కొరికిన చోటు చూడరా! నాకు పైన ముందు పళ్ళు లేవు. ఆ కాటు నాదే!"

మొదటివాడు చుట్టను నోట్లోంచి తీసి చూశాడు. కాటు చూశాడు. తర్వాత ఎదుటివాడి నోరు చూశాడు. ఉమ్మేసి, కుళాయి దగ్గరకు పరుగెత్తి పుక్కిలించాడు. ఆ రోజు బస్టాండులో ఎంగిలి గురించి జరిగినంత వాదన నేను కోర్టులో కూడా వినలేదు. కాపలాదారు ఒక్కడే తన చుట్టకు మామిడి పుల్ల గుచ్చి ఉంచుకున్నాడు. హాయిగా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె సంచిలోంచి సుద్దముక్క తీసి, ఒక్కొక్క పెంకు కింద గోడ మీద ఒక అంకె వేసింది. ఎవరి అంకె వాళ్ళకు చెప్పింది. పిల్లల్ని వరసలో కూర్చోబెట్టినట్టే కూర్చోబెట్టింది. ఒకటో అంకె మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

షావుకారు అప్పటికి పంతం మీద ఉన్నాడు. చుట్టతోనే బస్సెక్కేవాడు. కండక్టరు విజిలు వేస్తే ఆర్పేవాడు, బస్సు కదిలితే అంటించేవాడు. ఆమె టీకొట్టతనితో చెప్పింది. "ఒకటో పెంకు షావుకారుగారిది. ఎవర్నీ పెట్టనివ్వకండి." కొందరు అడిగారు, అతను వీల్లేదన్నాడు. మాట మండీదాకా వెళ్ళింది. ఒక ఉదయం షావుకారు వచ్చి గోడ ముందు నిలబడ్డాడు.

"నా పెంకు అంటన్నారంట. ఏదది?"

చూపించారు. మండీ వేలంలో మొదటి పాట ఆయనదే. మొదటి చోటు ఖాళీగా ఉంటే చూస్తూ ఊరుకోగల మనిషి కాదు. చుట్టను దాంట్లో పెట్టి, అటూ ఇటూ చూసి, బస్సెక్కాడు.

"చట్టం ముందు అందరూ సమానమైతే మరి మొదటి పెంకు ఏంటి?" అని ఇంటికొచ్చాక అడిగాను.

"సమానమేనండీ. వరసన్నాక ఎవరో ఒకరు ముందుండాలిగా."

ఆ చలికాలం ఆమె మళ్ళీ సగం దారిలో దిగలేదు. ఆ తర్వాతా దిగలేదు. చివరి జబ్బు చేసేదాకా ఉద్యోగం చేసింది. హెడ్మాస్టరుకు దాచడానికి ఏమీ మిగల్లేదు.

ఎగతాళి చేసినవాళ్ళు లేకపోలేదు. టీచరు చుట్టలకు సత్రం కట్టించిందన్నారు. పొగ మాన్పించలేదు కదా, చోటు మార్చిందంతే అన్నారు. అవునంది. "కానీ ఆగిరిపల్లి దాకా చుట్ట లేకుండా కూర్చోగలమని వాళ్ళకే తెలియదండీ ఇన్నాళ్ళూ. ఇప్పుడు తెలిసింది. ఆ తెలిసినదాన్ని ఇక ఎవరూ తీసుకోలేరు."

ఈ చట్టాలు ఇంకా ఎంత పలచనో ఆమెకు బాగా తెలుసు. ఖాళీ సిగరెట్టు పెట్టె ఒకటి తరగతిలో ఉంచుకుంది. దాని ఒక పక్క మీద ఆరోగ్యానికి హానికరమని సన్నటి ఇంగ్లీషులో ఉంటుంది. పిల్లలచేత చదివించి, అర్థం చెప్పించి, ఇళ్ళకు వెళ్ళి చెప్పమనేది. "ఎవరి కోసమండీ ఇది? తాగేవాడికి ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు వచ్చినవాడు చూడడు. చుట్టకట్టకీ బీడీకట్టకీ అదీ లేదు. అక్కడ ఊపిరితిత్తులు వేరుగా ఉంటాయా?" పెద్ద అక్షరాలతో తెలుగులో రాయాలనేది. చదువు రానివాడికి బొమ్మ వెయ్యాలనేది. బడి పక్కన అమ్మకూడదనేది. సినిమా హాల్లో బొమ్మకు ముందు వేసే, పొగ త్రాగరాదనే పలకను హాలువాడే మొదట చదవాలనేది.

ఇంకొకటి ఆమెను బాగా బాధించింది. అదే బస్సు వెనక రేకు మీద ఒక సిగరెట్టు ప్రకటన ఉండేది. లోపల ఎర్ర అక్షరాలతో వద్దు, వెనక రంగురంగులతో రా. "ఒకే బండి, రెండు నాలుకలు," అంది. దాని మీద అర్జీలు పెట్టాం. ఒప్పందం ముగిశాక పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

నేను నిట్టూర్చాను. ఆమెకు నిట్టూర్పులు నచ్చవు. పెరట్లో ఆ ఏడు అంటు కట్టించిన మామిడి మొక్క ఉంది. కట్టు ఇంకా విప్పలేదు. "చట్టం కూడా అంటులాంటిదేనండీ. కట్టినరోజే కాయమంటే కాయదు. అతుక్కుందా లేదా అన్నదే చూసుకోవాలి. అతుక్కున్నదాన్ని తర్వాతివాళ్ళు పెంచుకుంటారు," అంది.

నేనూ ఇప్పుడు అదే నమ్ముతున్నాను. కోర్టులో చూసిందీ అదే. ముందు ఒక బోర్డు వస్తుంది. తర్వాత దాన్ని అమలు చేయవలసిన మనిషి ఎవరో రాస్తారు. తర్వాత చేయకపోతే ఏమవుతుందో రాస్తారు. పెట్టె మీది అక్షరాలు పెద్దవవుతాయి, తెలుగులోకి వస్తాయి, చుట్టకట్ట మీదకీ వస్తాయి. బస్సులో వచ్చింది హాలుకూ ఆఫీసుకూ వస్తుంది. ఆలస్యం కావచ్చు. రాకుండా ఉండదు.

ఆస్పత్రిలో ఒక మధ్యాహ్నం అడిగింది. "బస్సు వెనక మార్చారా?"

"ఇంకా లేదు."

"మారుస్తారు," అంది. నన్ను ఓదార్చడానికి అన్నట్టు లేదు. రేపు పొద్దున బస్సుంది అన్నట్టు అంది.

కర్మలయ్యాక ఆమె సైన్సు బీరువా తాళం బడికి ఇచ్చిరావలసి వచ్చింది. అదే ఉదయం బస్సెక్కాను. బస్సు వెనక ప్రకటన అలాగే ఉంది. ముందు సీటులో షావుకారు ఉన్నాడు. నన్ను చూసి కిటికీ వైపు జరిగి చోటిచ్చాడు. నేను కూర్చున్నాను. ఆగిరిపల్లి దాకా బస్సులో ఎవరి నోట్లోనూ చుట్ట లేదు. కండక్టరు చెప్పవలసిన అవసరం రాలేదు. దారి పొడుగునా కోత అయిపోయిన చెట్లు వానకు కడుక్కుని నిలబడి ఉన్నాయి.

సాయంత్రం తిరిగి వచ్చాం. దిగినవాళ్ళంతా గోడ దగ్గరకు వెళ్ళి ఎవరి చుట్ట వాళ్ళు తీసుకున్నారు. పుల్లలు గీసుకున్నారు. కాపలాదారు తన మామిడి పుల్ల ఊడదీసుకుని నాకు చేతులు జోడించి వెళ్ళాడు. షావుకారు గోడ వైపు వెళ్ళలేదు. తలవంచుకుని నేరుగా రిక్షా ఎక్కాడు.

టీకొట్టతను అడగకుండానే చెప్పాడు. "అమ్మగారు పోయారని తెలిసింది ఆయన ఇక్కడ చుట్ట పెట్టి బస్సెక్కబోతుంటేనండి. సాయంత్రం దిగి తియ్యలేదు. ఆ తర్వాతా తియ్యలేదు. నేనూ ముట్టుకోలేదండి."

దగ్గరకు వెళ్ళి చూశాను. మిగతా పెంకులన్నీ ఖాళీ. మొదటి పెంకులో వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. నీళ్ళ అడుగున చుట్ట కట్టు వదులై, పొగాకు మళ్ళీ ఆకులా పరుచుకుంది. కింద గోడ మీద ఒకటో అంకె వానకు చెరగకుండా తెల్లగా ఉంది. అది ఆమె రాత కాదు. ఎవరో కొత్తగా దిద్దారు.